ఇంటి మందుల పెట్టె: దాని పుట్టుపూర్వోత్తరాలు

  

హంసలదీవి కథ మీరెరుగుదురు. అందరి పాపాలూ కడిగి కడిగి నల్లబడిపోయిన గంగమ్మ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగిందనీ, చివరకు కృష్ణమ్మ సముద్రంలో కలిసే ఈ చోట మునిగి తెల్లని హంసై లేచిందనీ మన పెద్దలు చెబుతారు. మాఘపౌర్ణమికి వేణుగోపాలస్వామిని సేవించి, సాగరసంగమంలో స్నానం చేయడానికి బళ్లు కట్టుకొని వచ్చిన రోజులు ముసలివాళ్లకు ఇంకా గుర్తే. ఇప్పుడు ఆటోల్లోనూ ట్రాక్టర్లలోనూ వస్తున్నారు. ఈ నీళ్లకు పాపాలు కడిగే శక్తి వుందో లేదో చెప్పగలవాణ్ణి కాను గాని, పుండు కడగడానికి మాత్రం ఈ ఉప్పునీళ్లు పనికిరావు. దానికి సబ్బు, మంచినీళ్లు కావాలి. ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఆ సంగతే. ఇంట్లో వుండవలసిన మందుల పెట్టె, అంటే ప్రథమ చికిత్స పెట్టె, ఎక్కడ పుట్టింది, మన యిళ్లకు ఎట్లా వచ్చింది, అందులో ఏది నిలిచింది, ఏది పోయింది అన్నదే కథ.

ముందే ఒక మాట. నేను వైద్యుణ్ణి కాను. వ్యవసాయంలో డిప్లొమా చదివినవాణ్ణి. విత్తనం, ఎరువు, పురుగుమందు నా విద్య. అయినా ఈ విషయం నా నెత్తిన ఎందుకు వేసుకున్నానంటే, నా చేతులతో చేసిన ఒక పొరపాటు వల్ల. అది ముందుముందు చెబుతాను.

మందుల పెట్టె అనగానే మనకు బస్సులో డ్రైవరుగారి వెనక వుండే ఎర్ర ప్లస్సు గుర్తు డబ్బా కళ్లకు కడుతుంది. అది పరాయి దేశపు సరుకే. 1867లో లిస్టరు అనే ఇంగ్లండు డాక్టరు, పుండు చీము పట్టడానికి కారణం కంటికి కనపడని సూక్ష్మజీవులనీ, కార్బాలిక్ ఆమ్లంతో కడిగితే అవి చస్తాయనీ లోకానికి చెప్పాడు. అంతకు ముందు పుండంటే చీము పట్టక మానదనే అనుకునేవారు. 1877లో సెయింట్ జాన్ అంబులెన్సు సంఘం ఇంగ్లండులో మొదలై, గని కూలీలకూ రైలు కూలీలకూ డాక్టరు వచ్చేలోగా ఏం చేయాలో నేర్పింది. జర్మనీలో ఎస్మార్కు అనే సైనిక వైద్యుడు మూడు మూలల గుడ్డ కట్టును ప్రచారంలోకి తెచ్చాడు. ఆ గుడ్డ గొప్ప వస్తువే గాని, మన రైతు భుజాన అలాంటిది తరతరాలుగా వుండనే వుంది. కండువా! విరిగిన చెయ్యి మెడకు వేలాడగట్టడానికి ఉతికిన కండువాను మించిన సాధనం లేదు.

1888లో అమెరికాలో జాన్సన్ అనే కట్టుగుడ్డల వ్యాపారికి ఒక రైలు కంపెనీ వైద్యుడు తన గోడు చెప్పుకున్నాడట. కొండల్లో ఎడారుల్లో రైలుపట్టాలు వేసే కూలీలకు దెబ్బ తగిలితే, ఆసుపత్రి చేరేలోగా పుండు కుళ్లి చచ్చిపోతున్నారని. ఆ మాట మీదనే దూది, కట్టుగుడ్డ, మందు అన్నీ ఒకే పెట్టెలో పెట్టి అమ్మడం మొదలైంది. చూశారా! పెట్టె పుట్టింది పట్నంలో కాదు. ఆసుపత్రికి దూరంగా పనిచేసే కూలీ కోసం పుట్టింది. అయితే ఫ్యాక్టరీలో ప్రతి 150 మంది కూలీలకు ఒక పెట్టె వుండి తీరాలని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. అదే కూలీ కొడవలి పుచ్చుకొని మన చేలోకి దిగితే, గట్టున మంచినీళ్ల బిందె వుంటుంది, అన్నం క్యారేజీ వుంటుంది, పెట్టె మాత్రం వుండదు.

మరి మన తెలుగు యిళ్లలోకి మొదట వచ్చిన కొనుగోలు మందు ఏది? నా లెక్కన అది పచ్చని అమృతాంజనం. దాని పుట్టుక వింటే మన కృష్ణాజిల్లా వాళ్లు కాస్త ఛాతీ విరుచుకోవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867లో మన జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరు నోబుల్ కాలేజీలో చదివారు. బతుకుతెరువుకు బొంబాయి వెళ్లి 1893లో అమృతాంజనం తయారు చేశారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచిపెట్టి జనానికి అలవాటు చేశారంటారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక, 1924లో భారతి నడిచాయి. తెలుగువాడి తలనొప్పి తెలుగు పత్రికను పోషించిందన్నమాట!

అమృతాంజనం మీద గౌరవం వుండవలసిందే. కాని దానికి పనికానిపని చెప్పకూడదు. మా మామ్మ దగ్గర ఒక రేకు పెట్టె వుండేది. అందులో అమృతాంజనం సీసా, వాము పొట్లం, పసుపుకొమ్ములు, ఒక ఎర్రమందు సీసా. తల నొచ్చినా అమృతాంజనమే, తేలు కుట్టినా అమృతాంజనమే, పిల్లవాడికి ముక్కు దిబ్బడేస్తే ముక్కు కొసనా అమృతాంజనమే. ఇందులో మొదటిది తప్ప తక్కినవి చేయరాదు. ఇలాంటి మందుల్లో కర్పూరం వుంటుంది. చంటిపిల్లల ముక్కు దగ్గర అది ప్రమాదం. తెగిన చోట రాయకూడదు, కంటి దగ్గరకు పోనీయకూడదు.

ఇక ఆ ఎర్రమందు. మన తరంలో మోకాలు చెక్కుకుపోయి అది పూయించుకోని పిల్లవాడు లేడు. దాని అసలు పేరు మెర్క్యురోక్రోము. 1919 ప్రాంతంలో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. అందులో పాదరసం వున్నది. మంట పుట్టదు గనుక పిల్లలు ఏడవరు, అదే దాని గొప్ప. అయితే క్షేమమైనదని, పనిచేస్తుందని చూపే రుజువు చాలదని 1998లో అమెరికా ప్రభుత్వం దాన్ని పక్కకు తోసింది. టింక్చరు అయోడిన్ అంతకంటె పాతది. భగ్గుమని మండేది. 1955లో అయోడిన్‌ను వేరొక పదార్థంతో కలిపి, మంట తగ్గించి పొవిడోన్ అయోడిన్ తయారు చేశారు. ఇవాళ మందుల షాపులో గోధుమరంగు సీసాలోనో ట్యూబులోనో దొరికేది అదే. మీ యింట్లో పాత ఎర్రమందు సీసా వుంటే సెలవిప్పించి, దాని చోట ఇది పెట్టండి. ఇది కూడా సబ్బునీళ్ల తర్వాతే. మట్టి, పేడ, ఇసుక పోయేటట్లు ధారగా పోసి కడగకుండా పైన ఏ మందు రాసినా, మురికి చేలో ఎరువు చల్లినట్టే.

పేడ మాట వచ్చింది గనుక ధనుర్వాతం సంగతి చెప్పాలి. ఆ జబ్బు క్రిమి మట్టిలోనూ పశువుల పేడలోనూ వుంటుంది. 1890లో బెర్లినులో బేరింగు, కిటసాటో అనే ఇద్దరు దాని విషానికి విరుగుడు వుంటుందని చూపించారు. ఒకరు జర్మను, మరొకరు జపాను వారు. తర్వాత టీకా వచ్చింది. ఈ టీకా పెట్టెలో దాచేది కాదు, ఒంట్లో దాచుకునేది. ముల్లు లోతుగా దిగినా, మేకు గుచ్చుకున్నా, చివరి టీకా ఎప్పుడు వేయించుకున్నామో గుర్తులేకపోతే ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అడగండి. పెట్టె మూత లోపల ఇంట్లో ప్రతివారి టీకా తేదీ రాసి అంటిస్తే గుర్తుపెట్టుకునే బాధే వుండదు.

ఇప్పుడు నా పొరపాటు దగ్గరకు వద్దాం.

ఉద్యోగంలో చేరిన కొత్త. ఆగస్టు నెల, నాట్ల రోజులు. కాలవకు నీళ్లు వదిలారు. చేలన్నీ నిండి, ఎలుక బొరియల్లోకి నీరు ఎక్కి, ఎలుకలూ పాములూ కలిసి గట్లెక్కాయి. సాయంత్రం దీపాలవేళ ఒక కౌలు రైతు గట్టు మీద నడుస్తూ, “అయ్యా, ఏదో పట్టుకుంది!” అని కేక పెట్టాడు. బారెడు దూరంలో నేనున్నాను. ముంగాలి దగ్గర రెండు చుక్కల నెత్తురు. చిన్నప్పటి నుంచి విన్నది ఒక్కటే నాకు గుర్తొచ్చింది. నాటు కట్టే పురికొస తీసి మోకాలి కింద బిగించి కట్టాను. ఎంత బిగువుగా కడితే అంత మేలనుకున్నాను. పక్కనున్న ఒకాయన బ్లేడుతో గాటు పెట్టాడు. నేను వద్దనలేదు.

ఆసుపత్రికి చేరేసరికి కాలు నల్లగా వాచిపోయింది. డాక్టరుగారు కట్టు చూసి నా ముఖం చూశారు. “ఎవరు కట్టారండీ ఇది?” అన్నారు. నేనే కట్టానన్నాను. “పాము చేసిన దానికి మీరు వడ్డీ కలిపారు” అని మందు ఎక్కించడం మొదలుపెట్టారు. మనిషి బతికాడు. కాని రెండు కాలివేళ్లు తీసేశారు. ఆ యేడు అతని నాట్లు ఆలస్యమయ్యాయి. కౌలు మాత్రం ఆగలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. “తమరు లేకపోతే నేను ఏమైపోదునో బాబూ” అన్నాడు. ఆ మాటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఈ పాముకాటు చికిత్స చరిత్ర ఎంత వింతైనదో వినండి. 1780ల్లో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నం వచ్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీవారి కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా వుండి, కోరమాండలు తీరమంతటి పాములనూ పోగుచేయించి, 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. ఆ పుస్తకంలో పాముల పేర్లు తెలుగు పేర్లే. మనవాళ్లు చెప్పినవి విని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పామును అతని పుస్తకంలో “కాటుక రేకుల పొడ” అన్నారు. ఎంత చక్కని పేరండీ! ఒంటి మీద కాటుక గీసిన రేకుల్లాంటి మచ్చలు కళ్లకు కట్టినట్టు లేదూ? ఆ పామునే ఇవాళ లోకమంతా రస్సెల్ పాము అంటున్నది. పేరు పెట్టిన తెలుగువాడెవడో మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. అట్లాగే “బంగారు పాము” అని మనవాళ్లన్న మాటే ముదిరి, కట్లపాము జాతి మొత్తానికి శాస్త్రంలో “బంగారస్” అయింది.

రస్సెల్‌గారు ఆ రోజుల్లో పేరుమోసిన తంజావూరు మాత్రలను కూడా పరీక్ష చేశాడు. పాముకాటుకు విరుగుడని అమ్మే ఆ మాత్రల్లో పాషాణం వుండేది. విషానికి విషమన్నమాట. ఆ తర్వాత నూరేళ్లకు పైగా గడిచి, 1900 దాటిన తొలి సంవత్సరాల్లో బ్రంటన్, రోజర్స్ అనే ఇంగ్లీషు వైద్యులు ఒక చిన్న కొయ్య గొట్టం తెచ్చారు. ఒక కొసన చిన్న కత్తి, మరో కొసన పర్మాంగనేటు పలుకులు. కాటు దగ్గర కోసి, ఆ పలుకులు నూరమన్నారు. దేశమంతటా వాటిని పంచారు. మన పల్లెల్లో “కోసి రంగు పులమాలి” అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది గదా! అది నాటు వైద్యుల మూఢత్వమే కాదు. ఒకప్పటి దొరల శాస్త్రం కూడా అదే. విషం నిమిషాల్లో లోపలికి పాకిపోతుంది గనుక పైపైన కోసి పులమడం నిష్ప్రయోజనమని తర్వాత తేలింది. శాస్త్రం తన తప్పు దిద్దుకొని ముందుకు పోయింది. తప్పు మాత్రం మన ఊళ్లో వుండిపోయింది. నా చేతిలోని పురికొస కూడా అక్కణ్ణుంచి వచ్చిందే.

అసలు విరుగుడు 1894, 95ల్లో పారిస్ పాశ్చరు సంస్థకు చెందిన కాల్మెటు చూపించాడు. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని నెత్తురులో పుట్టిన విరుగుడును తీసి మనిషికి ఇవ్వడం. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే మందు నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. దానికి కావలసిన విషంలో పెద్ద భాగం 1978లో ఏర్పడిన, మద్రాసు దగ్గరి ఇరుళ గిరిజనుల సహకార సంఘం తీసి ఇస్తున్నది. తాతతండ్రులు పాము తోళ్లు అమ్ముకొని బతికినవాళ్లు ఇవాళ ప్రాణదాతలైనారు.

“అయితే ఆ ఇంజెక్షను తెచ్చి పెట్టెలో పెట్టుకుందామా?” అని చాలామంది అడుగుతారు. వద్దు. అది కొందరికి పడదు. రక్తపోటు పడిపోయి ఊపిరి ఆగే ప్రమాదం వున్నది. డాక్టరు పక్కన వుండి, దానికీ విరుగుడు సిద్ధంగా పెట్టుకొని ఎక్కించవలసిన మందది. పాముకాటుకు మన పెట్టెలో వుండవలసింది వెడల్పైన గుడ్డ, ఒక బద్ద. కాటు తిన్న మనిషిని నడవనీయకండి. పడుకోబెట్టి ధైర్యం చెప్పండి. ఉంగరం, కడియం, కాలి మట్టె తీసేయండి, వాపు వస్తే అవి ఉరితాళ్లవుతాయి. విరిగిన కాలికి కట్టినట్టు బద్ద పెట్టి వదులుగా గుడ్డ చుట్టి, కాలు కదలకుండా చూసి, వెంటనే ఆసుపత్రికి. తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. పామును వెతికి చంపి తీసుకుపోయే పనీ పెట్టుకోవద్దు. ఆ వెతుకులాటలో రెండో మనిషి కాటు తిన్న సందర్భాలున్నాయి.

2018 ఆగస్టు మీకు గుర్తుండే వుంటుంది. దివిసీమలో పాముకాట్లు మితిమీరి, అవనిగడ్డ ఆసుపత్రికి రోగులు వరుస కట్టారు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. యాగాన్ని నేను ఆక్షేపించను. నాగులచవితికి పుట్టలో పాలు పోసే ఊరివాణ్ణే నేనూ. భయపడిన జనానికి కొంత గుండె నిబ్బరం కావాలి. అయితే ఆ నెలలో మనుషులను బతికించింది ఆసుపత్రిలో దొరికిన మందు, సమయానికి తీసుకుపోయిన పొరుగువాడి మోటారు సైకిలు. దేశం మొత్తం మీద 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. వారిలో ఎక్కువమంది పల్లెల్లో వున్నవారే. అంటే మనమే. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతిలో టార్చిలైటు, ఈ రెండూ పెట్టెలో పట్టవు గాని పెట్టె కంటె ముందు కొనవలసినవి. ఇంకొకటి: జెర్రిపోతును, నీరుకట్టెను చూడగానే కర్ర తీయకండి. వాటికి విషం లేదు. జెర్రిపోతు మీ గాదెలోని ఎలుకలకు యముడు.

పాముకంటె ఎక్కువగా నా ఉద్యోగానికి సంబంధించినది పురుగుమందు. 1958లో కేరళలో ఒక ఘోరం జరిగింది. ఓడలో గోధుమపిండి, పంచదార బస్తాలతోపాటు పారాథియాన్ అనే పురుగుమందు కూడా వచ్చింది. అది కారి ఆహారంలో కలిసి నూరుమందికి పైగా చనిపోయారు. ఆ ఘటనే కారణంగా 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. మీరు చూసే డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తు ఆ చట్టం కింది నియమాల ప్రకారం పెట్టినదే. ఎరుపు అన్నిటికంటె విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అనగానే తాగే నీళ్లనుకోవద్దు. అదీ విషమే, తక్కువ పాళ్లలో. డబ్బాతో వచ్చే కాగితంలో విరుగుడు ఏదో కూడా రాసి వుంటుంది. మనం చేసే మొదటి పని ఆ కాగితాన్ని పారేయడం!

పిచికారీ చేస్తూ చెమటలు విపరీతంగా పట్టినా, నోట చొల్లు కారినా, చూపు మసకబారినా, కండరాలు అదిరినా పని ఆపి గాలివాటుకు ఎదురుగా బయటికి రండి. బట్టలు విప్పేసి సబ్బుతో తల నుంచి కాలిదాకా కడగాలి. కంట్లో పడితే పావుగంట సేపు మంచినీటి ధార పట్టాలి. మింగినవారికి ఉప్పునీళ్లు తాగించి కక్కించే అలవాటు మన ప్రాంతంలో బాగా వుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకుపోండి. డబ్బాను కూడా పట్టుకుపోండి. ఏ మందో తెలియక డాక్టరు తడుముకొనే ప్రతి నిమిషమూ రోగి నిమిషమే. మరొక మనవి. పురుగుమందునూ ఇంటి మందుల పెట్టెనూ ఒకే అలమారలో పెట్టిన యిళ్లు నేను చూశాను. చీకట్లో దగ్గుమందు అనుకొని ఏ సీసా చేతికొస్తుందో ఎవరికి తెలుసు?

ఇక నీళ్ల సంగతి. ఈ సీమలో పెట్టె కథ తుఫాను లేకుండా పూర్తికాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీద సముద్రం పడి సుమారు 30,000 మంది పోయారు. 113 ఏళ్ల తర్వాత, 1977 నవంబరు 19న, అదే సముద్రం దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కలోనే సుమారు 10,000 మంది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, ఎన్ని ఊళ్ల పేర్లని చెప్పను? నేను అప్పటికి పుట్టలేదు. మామ్మ చెప్పగా విన్నాను. తాడిచెట్టు పట్టుకున్నవాళ్లు, తుమ్మకంప పట్టుకున్నవాళ్లు బతికారట. కాని ఒళ్లంతా ముళ్లు. పశువుల కళేబరాలు తేలే నీళ్లలో ఆ పుళ్లతో నడిచారు. “దెబ్బ కన్నా దాని వెనకాల వచ్చిన చీము ఎక్కువ ఏడిపించిందిరా అబ్బాయ్, కట్టుకోడానికి పొడిగుడ్డ పేలిక లేదు” అనేది. అవనిగడ్డవారైన మంత్రి మండలి వెంకటకృష్ణారావుగారు సహాయ కార్యక్రమాలకు ముందు నిలిచారు. దేశదేశాల నుంచి మందులు వచ్చాయి. తుఫాను షెల్టర్లు లేచాయి. అయితే మొదటి రెండు మూడు రోజులు? రోడ్లు తెగి, ఏ బండీ రాలేని ఆ రోజుల్లో మనిషికి తోడు తన దగ్గర వున్నదే.

ఇప్పుడు 108కి ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. ఆ సేవ 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలోనే మొదలైంది. అది గొప్ప వరం. కాని స్తంభాలు కూలి, సెల్‌ఫోను మూగబోయి, రోడ్డు మీద చెట్లు పడిన రాత్రి 108 కూడా ఏం చేయగలదు? అందుకని మన పెట్టె తుఫాను కోసమే కట్టుకున్నట్టు వుండాలి. రేకు పెట్టె వద్దు, ఈ ఉప్పుగాలికి ఏడాదిలో తుప్పు పడుతుంది. రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా మంచిది. లోపలివన్నీ మళ్లీ ప్లాస్టిక్ సంచిలో కట్టాలి. షెల్టరుకు పోయేటప్పుడు పట్టాదారు పాసుపుస్తకంతోపాటు చంకన పెట్టుకొని పోయేటంత వుంటే చాలు.

వరద తర్వాత వచ్చేది విరేచనాలు. ఇక్కడ ఒక భారతీయుడి పేరు చెప్పాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాటి కాందిశీకులు లక్షలుగా సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా. సెలైను సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే యువ వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల చుట్టాల చేతనే తాగించాడు. నూటికి ముప్పై దాకా వున్న చావులు నాలుగు లోపుకు దిగాయి. అదే నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లం. లీటరుకు సరిపడే పొట్లంలో ఇప్పుడు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, మరి రెండు లవణాలు కలిసి 20.5 గ్రాములుంటాయి. నాలుగు పొట్లాలు పెట్టెలో వుండాలి. పొట్లం అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే చంటిబిడ్డకు ప్రమాదం. రంగు డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దీనికి బదులు కావు. తుఫాను రోజుల్లో ఆరోగ్య సిబ్బంది పంచే క్లోరిన్ బిళ్లలు కూడా ఓ పట్టీ దాచుకోండి.

పెట్టెలో ఇంకా ఏమేం వుండాలంటే: సబ్బు బిళ్ల, దూది, గాజుగుడ్డ, రెండు మూడు చుట్టల కట్టుగుడ్డ, అంటుకునే పట్టీలు, కత్తెర, పిన్నీసులు, ముల్లు తీసే చిమటా, రబ్బరు చేతితొడుగులు, జ్వరం చూసే ధర్మామీటరు, పారాసిటమాల్ బిళ్లలు. నెత్తురు ధారగా కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడతపెట్టి పది నిమిషాలు తీయకుండా అదిమి పట్టండి. “ఆగిందా?” అని నిమిషానికోసారి ఎత్తి చూస్తే ఆగదు. కాలినచోట ఇరవై నిమిషాలు చల్లని నీటి ధార. సిరా, పేస్టు, వెన్న, పేడ ఏవీ వద్దు. వలలు లాగే సోదరులకు జెల్ల చేప ముల్లు బాధ ఎరుకే. ఓర్చుకోగల వేడినీళ్లలో గంటసేపు చెయ్యి ముంచితే ఆ పోటు తగ్గుతుంది. రొయ్యల చెరువు దగ్గర మోటారు షాకు కొడితే మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిను తీయాలి.

పెట్టెలో వుండకూడనిదీ ఒకటి వుంది. వెనకటి జబ్బుకు వాడగా మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు. భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఒక మందుల సంస్థ పరిశోధనకు పెద్దగా వున్నప్పుడే, 1948లో, ఆరియోమైసిన్ బయటపడింది. ఎన్నో జబ్బులకు అది కొత్త ఆయుధమైంది. అలాంటి మందులను అయిదు రోజులకు ఇస్తే రెండు రోజులు మింగి, మిగతావి వచ్చే జ్వరానికి దాచడం వల్ల క్రిములు రాటుదేలుతున్నాయి. ఒకే పురుగుమందు మళ్లీ మళ్లీ కొడితే దోమపోటు ఎట్లా మొండికెత్తిందో వరి రైతుకు నేను చెప్పాలా?

బిళ్లలకూ సీసాలకూ గడువు తేదీ వుంటుంది. ఉగాదికి ఒకసారి, దసరాకు ఆయుధపూజ నాడు ఒకసారి పెట్టె విప్పి చూడండి. నాగలికీ ట్రాక్టరుకూ బొట్టు పెట్టే రోజు దీనికీ ఒక బొట్టు పెడితే మరిచిపోరు. పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి, తాళం మాత్రం వేయకండి. ఇంట్లో ఆడవాళ్లకూ, అక్షరాలు వచ్చిన పిల్లలకూ అది ఎక్కడుందో తెలియాలి.

వేళ్లు పోగొట్టుకున్న ఆ కౌలు రైతు ఇప్పుడూ సాగు చేస్తున్నాడు. పోయిన సార్వాలో అతని మోటారు షెడ్డు దగ్గర ఆగాను. గోడకు మేకు కొట్టి తెల్ల ప్లాస్టిక్ డబ్బా తగిలించి వుంది. మూత తీస్తే లోపల కాగితం మీద ముతక అక్షరాలతో 108, దాని కింద ఆసుపత్రి నెంబరు, ఆటో నడిపే కుర్రాడి నెంబరు, ఆ కింద “తాడు కట్టరాదు” అని వుంది.